విరామమెఱుగని ఆట: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో అలసట, గాయములు

బీదరు కోటకు అనతిదూరమున నున్న కమఠాణ గ్రామము పార్శ్వనాథ బసదివలన చరిత్రజ్ఞులకు పరిచితమైనది. ఈ ప్రాంతమున కన్నడము, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలును ఒకే సంతలో వినవచ్చును. విద్యకును ఈ సీమ క్రొత్త కాదు. 1472లో మహమూదు గవాను బీదరున కట్టించిన మదరసా నేటికిని శిథిలగంభీరముగ నిలిచియున్నది. 1956 నవంబరు 1వ తేదీవఱకు ఈ గ్రామమును, ఈ జిల్లాయును హైదరాబాదు రాష్ట్రములోనివే. ఆ దినమున బీదరు మైసూరు రాష్ట్రమున చేరెను; అంతకుముందు బీదరు జిల్లాలోనివైన జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశమున మెదకు జిల్లాలో కలిసెను. సరిహద్దు గీత మాఱినను, చదువునకై, కొలువునకై, బంధుత్వమునకై హైదరాబాదునకు సాగిన దారి మాత్రము మాఱలేదు. కావున హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర బీదరు తెలుగువారికి పరాయిచరిత్ర కాదు.

ఆ చరిత్రను చెప్పువారు సాధారణముగ విజయములనే లెక్కింతురు. గెలిచిన కప్పులు, చేసిన గోళ్ళు, ఒలింపిక్ క్రీడలకు వెళ్ళినవారి పేర్లు, ఇవి పలుమాఱులు వ్రాయబడినవి. ఆ విజయములకు ఆటగాండ్ర దేహములు చెల్లించిన మూల్యమును లెక్కగట్టినవారు అరుదు. ఎడతెగని పోటీలు, నడుమ చాలని విశ్రాంతి, మానకమునుపే మఱల తగిలిన గాయము, ఇవి యొక జట్టును ఏ విధముగ లోలోపల తొలిచివేయునో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాఠశాలయే పుట్టినిల్లు

హైదరాబాదున ఫుట్‌బాల్ సైనికుల దండువిడుదులనుండి వచ్చినదన్నమాట నిజమే. సికిందరాబాదు, బొల్లారము, తిరుమలగిరి మైదానములలో తెల్లసిపాయిలు ఆడగా చూచి నేర్చినవారు పలువురు. కాని ఆ యాటను ఒక విద్యగా తీర్చిదిద్దినది పాఠశాల, కళాశాల. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇందులకు పెద్ద ఆధారమయ్యెను. ఆ విశ్వవిద్యాలయమున చదివి, అక్కడనే ఆడి, పిదప ఉపాధ్యాయవృత్తి నవలంబించినవారు సయ్యదు అబ్దుల్ రహీం. ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ బాధ్యత వహించెను. 1950లో హైదరాబాదు నగర పోలీసుజట్టునకు శిక్షకుడయ్యెను. భారతజట్టునకు శిక్షకుడై ఆసియా క్రీడలలో రెండుమాఱులు స్వర్ణపతకము తెచ్చెను. ఇంత చేసినను జనులు ఆయనను పిలిచినది ‘రహీం సాహెబు’ అనియే, బడిపంతులను పిలుచునట్లు.

రహీం పద్ధతి బడిపంతులు పద్ధతియే. ఎడమకాలు బలహీనమైన పిల్లవానికి ‘ఎడమకాలితో ఆడుము’ అని ఊరక చెప్పెడివాడు కాడు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో ప్రత్యేకముగ పోటీలు పెట్టెడివాడు. బంతిని కాళ్ళనడుమ త్రిప్పుచు ఒంటరిగ పోరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు నడపెను. పైకి ఇది యుక్తిని పెంచు సాధనగా కనబడును. కాని దీనియందు దేహరక్షణము కూడ ఇమిడియున్నది. బంతి పరుగెత్తిన మనిషి పరుగు తగ్గును. బంతిని వెంటనే వదలిన కాలికి ఎదుటివాని కాలు తగులదు. రెండుకాళ్ళును సమముగ వాడువాని ఒక మోకాలిపై భారమంతయు పడదు. దేహముతో కాక బుద్ధితో ఆడువాడు ఎక్కువకాలము ఆడగలడను సత్యమును రహీం పాఠముగ చెప్పక ఆటగ నేర్పెను.

పోటీల పట్టిక

1950 మొదలు 1954 వఱకు వరుసగ ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును హైదరాబాదు పోలీసుజట్టు గెలిచెను. రోవర్సు పోటీ 1891లో ఆరంభమైనది. అట్టి ప్రాచీనమైన పోటీలో ఐదేండ్లు ఒకే జట్టు నిలుచుట అపూర్వము. 1888లో ఆరంభమైన డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలో ఆ జట్టు గైకొనెను. 1961లో ఆంధ్ర పోలీసుజట్టను పేర మఱల గెలిచెను. రాష్ట్రజట్ల నడుమ జరుగు సంతోషు ట్రోఫీ పోటీలో హైదరాబాదు 1956, 1957లలో విజేత.

ఈ జాబితాను కీర్తిపట్టికగా చదివిన ఆనందము కలుగును. దీనినే పనిపట్టికగా చదివిన వేఱొక చిత్రము కనబడును. పోలీసుజట్టులో ముఖ్యులైనవారే రాష్ట్రజట్టులోను ముఖ్యులు; వారిలో ఉత్తములు భారతజట్టునకు ఎన్నికయ్యెడివారు. రోవర్సు బొంబాయిలో, డ్యూరాండు ఢిల్లీలో, షీల్డు కలకత్తాలో, సంతోషు ట్రోఫీ ఏ రాష్ట్రమున జరిగిన ఆ రాష్ట్రములో. ఈ దూరములన్నియు రైలుబండిలో సాగిన దూరములు. దినముల తరబడి కదలు పెట్టెలో కాళ్ళు ముడుచుకొని కూర్చుండి, దిగిన మఱునాడో మూడవనాడో మైదానమున దిగవలెను. ఆట సమముగ ముగిసిన నేటివలె పెనాల్టీలతో తేల్చెడివారు కారు. మఱొక దినమున మఱల పూర్తిగ ఆడవలసినదే. 1950 డ్యూరాండు అంతిమపోటీయే ఇందులకు నిదర్శనము. మోహన్ బగానుతో ఒకనాడు 1–1గా సమమై, మఱల ఆడి 1–0తో హైదరాబాదు గెలిచెను.

అన్నిటికంటె కఠినమైనది మఱొక నియమము. ఆ కాలమున ఆటనడుమ గాయపడినవానికి బదులుగా వేఱొకని దింపుటకు వీలులేదు. ఇంగ్లండు లీగులో గాయపడినవానికి బదులు ఒక్కరిని దింప నిచ్చినది 1965లో. ప్రపంచకప్పు పోటీలలో బదులు ఆటగాండ్రను మొదట అనుమతించినది 1970లో. అంతవఱకు మోకాలు బెణికినవాడు కుంటుచు ఆడవలెను, లేదా జట్టు పదిమందితో ఆడవలెను. ‘నాకు నొప్పిగానున్నది’ అని చెప్పుట తోడివారిని నట్టేట విడుచుటగా తోచెడిది. కావున నొప్పిని దాచుట ఒక గుణముగా పరిగణింపబడెను. ఈ దాపఱికమునుండియే చాల గాయములు శాశ్వతములైనవి.

విద్యార్థియైన ఆటగాని స్థితి మఱింత కష్టతరము. అతడు ముగ్గురు యజమానులకు ఒక్క సేవకుడు. కళాశాల తన ప్రతిష్ఠకై ఆడుమనును; క్లబ్బు తన కప్పునకై ఆడుమనును; జిల్లా లేదా రాష్ట్రము తన పేరునకై ఆడుమనును. ముగ్గురిలో ఎవ్వరును మిగిలిన ఇద్దఱు ఎంత పనిచేయించుకొనిరో అడుగరు. పరీక్షల కాలము వేఱుగ వచ్చి పడును. మూడు పట్టికలును మూడు కార్యాలయములలో తయారగును. అవి కలిసికొను చోటు ఆ విద్యార్థి దేహమొక్కటే.

ఒలింపిక్ పాఠములు

దేహపుష్టి, పోటీల క్రమము ఎంత ముఖ్యములో భారతజట్టునకు తెలిసినది విదేశములలోనే. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాలు చేసిన గోలుతో ఇరానును 1–0గా ఓడించి భారతదేశము స్వర్ణము గైకొనెను. మఱుసటి యేడు, 1952 జూలై 15న హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడెను. చలిదేశపు నేలపై భారత ఆటగాండ్రు పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. ఆ పరాభవము తరువాతనే భారతదేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను. ఉత్తకాళ్ళతో ఆడుట మన నేర్పునకు గుర్తని ఆనాటివారు గర్వించిరి. కాని తడినేలపై, ఇనుపమేకుల బూట్లు తొడిగినవారి ఎదుట ఉత్తకాలు ఎంత అరక్షితమో హెల్సింకీలో తేలిపోయెను.

1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో రహీం తీసికొనిపోయిన జట్టులో హైదరాబాదువారు పలువురు: అజీజుద్దీను, నూరు మహమ్మదు, జుల్ఫికరుద్దీను, అహమ్మదు హుసేను, తులసీదాసు బలరాము మొదలగువారు. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేసెను. ఆసియాఖండపు జట్టొకటి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఉపాంత్యపోటీకి చేరుట అదియే తొలిసారి. డిసెంబరు 4న యుగోస్లావియాతో ఆడినపుడు రెండవ భాగారంభమున మొదటి గోలు చేసినది భారతదేశమే. ఆ పిమ్మట కొలది నిమిషములలోనే ఆట తలక్రిందులై 4–1తో ఓడిరి. డిసెంబరు 7న కాంస్యపతకమునకై బల్గేరియాతో ఆడి 3–0తో ఓడిరి. వారము దినములలో మూడు ఆటలు. మొదటిదానిలో నాలుగు గోళ్ళు, రెండవదానిలో ఒకటి, మూడవదానిలో సున్న.

దీనికంతకు అలసటయే కారణమనుట న్యాయము కాదు. యుగోస్లావియా బలమైన జట్టు. ఎదుటివారికిని విశ్రాంతిదినములు ఇంచుమించు అవియే. కాని ఒక భేదము గమనింపదగినది. ఆనాడు మనదేశీయ పోటీలలో చాలవఱకు తొంబది నిమిషములకంటె తక్కువకాలమే ఆడెడివారు. స్వదేశమున తక్కువకాలపు ఆటకు అలవాటుపడిన ఊపిరి విదేశమున నిండు తొంబది నిమిషములు నిలువవలసివచ్చెను. నేర్పు సమమైన చోట ఆఖరి పావుగంటయే విజేతను నిర్ణయించును. ఆ పావుగంటయే మనకు అలవాటులేనిది.

1960 రోము ఒలింపిక్ క్రీడలలోను ఇదే తీరు. ఆగస్టు 26న హంగరీతో 2–1గా ఓటమి, ఆగస్టు 29న ఫ్రాన్సుతో 1–1గా సమము, సెప్టెంబరు 1న పెరూతో 3–1గా ఓటమి. హంగరీ, పెరూ జట్లపై మనకు దక్కిన గోళ్ళు రెండును బలరాము చేసినవే. ఫ్రాన్సుతో సమముగ నిలిచిన జట్టు మూడు దినముల తరువాత పెరూ ఎదుట నిలువలేకపోయెను.

జకార్తా: కుట్లుపడిన తల

1962 జకార్తా ఆసియా క్రీడలు ఈ విషయమునకు అత్యుత్తమమైన ఉదాహరణము. అత్యంత సంక్లిష్టమైనదియు అదియే. ఆగస్టు 26 మొదలు సెప్టెంబరు 4 వఱకు పది దినములలో భారతజట్టు ఐదు ఆటలు ఆడెను. మొదటిదానిలో దక్షిణకొరియా 2–0గా ఓడించెను. థాయిలాండుతో ఆడి 4–1తో గెలిచిరి. కాని ఆ ఆటలో రక్షకుడైన జర్నెయిలు సింగు తల పగిలి కుట్లు వేయవలసివచ్చెను. గోలుకీపరు తంగరాజు జ్వరముతో మంచముపట్టెను. అతని స్థానమున ప్రద్యుత్ బర్మను ఆడెను. త్రిలోకు సింగు కాలివ్రేలికి గాయమయ్యెను. జపానును 2–0గా దాటి ఉపాంత్యమున దక్షిణ వియత్నామును ఎదుర్కొనునాటికి ఆరోగ్యముగ నున్నవారిని వ్రేళ్ళపై లెక్కింపవలసిన స్థితి.

అప్పుడు రహీం చేసినది సాహసము. తలపై కట్టుతోనున్న జర్నెయిలు సింగును వెనుకవరుసనుండి తీసి ముందువరుస నడుమ నిలిపెను. రక్షకుడు ప్రతి దాడిలోను తలతో బంతిని ఎదుర్కొనవలెను. ముందువరుసవాడు తన సమయమును తానెంచుకొనవచ్చును. గాయపడినవాని బలమును వాడుకొనుచు భారము తగ్గించు నేర్పు ఇందున్నది. ఆ యుక్తి ఫలించెను. ఉపాంత్యమున 3–2తో గెలుపు. జర్నెయిలు ఒక గోలు చేసెను. సెప్టెంబరు 4న సెనయాను మైదానమున ఇంచుమించు లక్షమంది ప్రేక్షకుల ఎదుట దక్షిణకొరియాతో అంతిమపోటీ. ఇస్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటపై భారతప్రతినిధి సోంధీ చేసిన వ్యాఖ్యలవలన ప్రేక్షకులు మనపై క్రుద్ధులైయుండిరి. జ్వరము తగ్గిన తంగరాజు మఱల గోలుముందు నిలిచెను. త్రిలోకు సింగు గాయపడిన వ్రేలితోనే ఆడెను. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నెయిలు సింగు ఒకటి గోలు చేయగా 2–1తో స్వర్ణము దక్కెను.

ఈ కథను తెలుగువారు, బెంగాలీలు, పంజాబీలు అందఱును గర్వముతో చెప్పుకొందురు, చెప్పుకొనవలసినదే. కాని చరిత్రకారుడు ఒక ప్రశ్న అడుగవలెను. ఆ తలకు రెండవ దెబ్బ తగిలియున్న ఏమగును? నేటి వైద్యశాస్త్రము తలకు తగిలిన అదురుదెబ్బను అతి జాగ్రత్తగ చూచును. మొదటిది నయముకాకమునుపు రెండవది తగిలిన ప్రాణాపాయము కూడ కలుగవచ్చునని హెచ్చరించును. ఆనాడు ఆ జ్ఞానము లేదు. బదులు ఆటగానిని దింపు నియమమును లేదు. కావున నిందింపదగినవారు వ్యక్తులు కారు. అయినను ఒక ప్రమాదమునుండి అదృష్టవశమున బయటపడిన ఉదాహరణమును ఆదర్శముగ పిల్లలకు చూపుట వివేకము కాదు. జర్నెయిలు ధైర్యమును మెచ్చుకొనవచ్చును. కుట్లుపడిన తలతో ఆడుమని మఱొక పిల్లవానికి చెప్పరాదు.

ఆ విజయమునకు శిక్షకుడు కూడ తన దేహమును వెచ్చించెను. ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధితో రహీం 1963 జూన్ 11న మరణించెను. జకార్తా స్వర్ణమునకును, ఆయన మరణమునకును నడుమ పదినెలలు నిండలేదు.

బలరాము: ఇరువదియేడేండ్లకే ముగిసిన ఆట

తులసీదాసు బలరాము సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టినవాడు. తండ్రి సంపాదన స్వల్పము. బూట్లు కొనుటకు కూడ కష్టమైన ఇంట పెరిగి, రహీం కంటబడి, ఇరువది యేండ్ల ప్రాయమున మెల్బోర్ను చేరెను. 1957లో కలకత్తా వెళ్ళి ఈస్టు బెంగాలు క్లబ్బున చేరెను. అంతకుమునుపే ఆ క్లబ్బున ‘పంచపాండవులు’ అని పేరొందిన ఐదుగురు ముందువరుస ఆటగాండ్రలో మన అప్పారావు ఒకడు. ఆ దారిలోనే బలరామును నడచెను. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాము ముగ్గురిని భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులుగ జనులు ఎన్నిరి.

1956 నుండి 1962 వఱకు అతని పనిని చూడుడు: రెండు ఒలింపిక్ క్రీడలు, రెండు ఆసియా క్రీడలు, ప్రతి యేడు కలకత్తా లీగు, షీల్డు, రోవర్సు, డ్యూరాండు, సంతోషు ట్రోఫీ. కలకత్తా లీగు వానకాలపు ఆట. మోకాలిలోతు బురదలో, ఉక్కలో, తడిసి బరువెక్కిన తోలుబంతితో ఆడవలెను. 1963లో అనారోగ్యమువలన బలరాము ఆట విరమించెను. ఊపిరితిత్తులపై పొరకు వచ్చిన వాపువ్యాధి అతనిని మైదానమునకు దూరము చేసెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియేడు దాటలేదు; అర్జున పురస్కారము వచ్చి యేడు తిరుగలేదు.

వ్యాధి గాయము కాదు. దానికి ఆటయే కారణమని నిశ్చయించుట తగదు. కాని ఎడతెగని శ్రమచే అలసిన దేహము వ్యాధికి సులభముగ లొంగునని వైద్యులందఱు నెఱుగుదురు. బలరాము 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసెను. ఆరేడేండ్ల ఆటకు వెనుక అఱువదియేండ్ల జీవితము మిగిలియుండెను. ఆటగాని జీవితమును ఆట ముగిసిన దినముతో ముగిసినట్లు తలచువారు ఈ అఱువదియేండ్లను తలచుకొనవలెను.

అమెరికా కళాశాలల అనుభవము

ఈ సమస్య ఒక్క మనదే కాదు. నేడు మన తెలుగుకుటుంబములు వేలకొలదిగ నివసించు అమెరికాలో ఫుట్‌బాల్ అను పేర ఆడునది బంతిని చేతబట్టి పరుగెత్తు వేఱొక ఆట. అక్కడ అది పుట్టి పెరిగినది కళాశాలలలోనే. 1905లో ఆ ఆట ఆడుచు పదునెనిమిదిమంది యువకులు మరణించిరని ఆనాటి పత్రిక యొకటి లెక్కగట్టెను. అధ్యక్షుడు థియోడోరు రూజ్వెల్టు ఆ యేటి అక్టోబరులో హార్వర్డు, యేలు, ప్రిన్స్టను విశ్వవిద్యాలయములవారిని పిలిపించి, ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. 1906లో కళాశాలల క్రీడాసంఘము ఏర్పడెను. 1910లో దానికి నేటి జాతీయనామము వచ్చెను. బంతిని ముందునకు విసరుటకు అనుమతి యిచ్చి, ఒకరిపైనొకరు గుంపుగ పడుటను తగ్గించు నియమములు చేసిరి.

నియమములు మాఱినను ఆటల సంఖ్య పెరుగుట ఆగలేదు. 1970లో సాధారణ ఋతువునకు పదునొకండు, 2006నుండి పండ్రెండు ఆటలు అనుమతించిరి. 2014లో నాలుగు జట్లతో అంతిమపోటీల పద్ధతి వచ్చెను. 2024లో అది పండ్రెండు జట్లకు పెరిగెను. ఆ తొలి యేట విజేతయైన ఒహాయో స్టేటు విశ్వవిద్యాలయపు జట్టును, దాని చేతిలో ఓడిన నోటర్‌డేము జట్టును ఆగస్టు చివరనుండి జనవరి 20వఱకు పదునాఱేసి ఆటలు ఆడెను. జీతము గైకొని ఆడు వృత్తిజట్లు 1978నుండి 2020వఱకు సాధారణ ఋతువున ఆడినవియు పదునాఱే. అనగా చదువుకొను పిల్లలు వృత్తిక్రీడాకారుల భారమును మోయుచున్నారు.

అక్కడివారు కొంత మేలుకొనిరనుటయు నిజమే. విద్యార్థి ఆటకు వారమునకు ఇరువదిగంటలకు మించి వెచ్చింపరాదని 1991లో నియమము చేసిరి. ఒకే దినమున రెండుమాఱులు దెబ్బలాటతో కూడిన సాధన చేయించుటను 2017లో నిషేధించిరి. 2025 జూలైనుండి కళాశాలలు క్రీడాకారులకు నేరుగ ధనమిచ్చుటకు వీలు కలిగెను. ధనము రావలసినదే, కాని ధనము మోకాలికి ప్రత్యామ్నాయము కాదు.

జట్టు ఎట్లు అరుగును?

ఈ ఉదాహరణములను పోల్చిచూచిన ఒక క్రమము గోచరించును. ఆట ముగిసిన తరువాత కండరములలో నిలువయుండు శక్తి మఱల నిండుటకును, పరుగులచే చిట్లిన సన్నని తంతువులు అతుకుకొనుటకును రెండు మూడు దినములు పట్టును. అంతకుమునుపే మఱొక ఆట వచ్చిన, పాత అప్పు తీఱకమునుపే క్రొత్త అప్పు చేసినట్లగును. ఐరోపాలోని ఒక పెద్ద జట్టుపై జరిగి 2010లో వెలువడిన పరిశీలనము ఒక విచిత్రమైన విషయమును బయటపెట్టెను. వారమునకు రెండాటలు ఆడినపుడు ఆటగాండ్రు పరుగెత్తిన దూరము తగ్గలేదు. గాయములు మాత్రము పలురెట్లు పెరిగెను. ఇది శిక్షకులు గుర్తుంచుకొనదగిన సత్యము. అలసట కంటికి కనబడదు. పరుగు తగ్గలేదు గదాయని మోసపోవుదురు. ఒకనాడు తొడవెనుక కండరము తెగినపుడు ‘దురదృష్టము’ అందురు. అది దురదృష్టము కాదు, చెల్లింపని అప్పు.

ఒక ఆటగాడు గాయపడిన అతని భారము మిగిలినవారిపై పడును. తన స్థానము కాని స్థానమున మఱొకడు ఆడవలెను. అలవాటులేని మలుపులు, అలవాటులేని పరుగులు అతనికిని గాయము తెచ్చును. ఈ విధముగ గాయము జట్టులో అంటువ్యాధివలె వ్యాపించును. పదునొకండుగురే నిపుణులుగనున్న జట్టు తొందరగ కూలును. ఇరువదిమందిని సమముగ తీర్చిన జట్టు నిలుచును. రహీం ఏటేట పాఠశాలలనుండి క్రొత్తవారిని వెదకి తెచ్చుటలోని రహస్యమిదియే. రోవర్సు కప్పు ఐదేండ్లు నిలిచినది ఆ పదునొకండుగురి బలమువలన మాత్రమే కాదు. వారి వెనుక వరుసగ నిలిచిన పిల్లలవలన.

ఆ వరుస తెగినపుడు హైదరాబాదు ఫుట్‌బాల్ సన్నగిల్లెను. 1965లో ఆంధ్రప్రదేశము సంతోషు ట్రోఫీ గెలిచినది. 1970 బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారతజట్టునకు హైదరాబాదీయుడైన సయ్యదు నయీముద్దీను నాయకుడు, మహమ్మదు హబీబు ప్రముఖుడు. కాని వారు ఆడినది కలకత్తా క్లబ్బులకు. ఉత్తములు వలసపోయిరి, వారి స్థానమును నింపు బడిమైదానములు ఇండ్లస్థలములాయెను, క్రికెట్టు జనుల మనస్సును గెలిచెను. గాయము, అలసట మాత్రమే ఈ క్షీణతకు కారణములనుట అతిశయోక్తి. కాని ఉన్న కొద్దిమందినే అన్ని పోటీలకును అరగదీయు అలవాటు ఆ క్షీణతను త్వరపఱచెననుటలో సందేహము లేదు.

ముగింపు

ప్రపంచఫుట్‌బాల్ ఈ పాఠమును ఆలస్యముగనైన నేర్చుకొనెను. 2020లో ఆటలు ఒకదానిపై నొకటి వచ్చిపడగా, ఒక్క ఆటలో ఐదుగురిని మార్చుటకు తాత్కాలికముగ అనుమతించిరి; 2022లో అది శాశ్వతనియమమయ్యెను. 1962లో జకార్తాలో ఒక్కరిని మార్చు వీలున్నను త్రిలోకు సింగు వ్రేలికి, జర్నెయిలు సింగు తలకు విశ్రాంతి దొరకెడిది.

నియమములు పెద్దమైదానములను చేరినంత త్వరగ చిన్నమైదానములను చేరవు. సెలవుదినములు కొలదిగ నున్నవని ఒకే దినమున రెండు మూడు ఆటలు ఆడించు పల్లెపోటీలలో, కళాశాల పోటీలలో నేటికిని 1950ల నాటి ధర్మమే నడచుచున్నది. కమఠాణలో గాని, బీదరులో గాని, జహీరాబాదులో గాని ఒక పోటీ పెట్టువారు ముందుగ వ్రాయవలసినది బహుమతుల పట్టిక కాదు, విశ్రాంతిదినముల పట్టిక. ఒక ఆటకును మఱొకదానికిని నడుమ రెండు రాత్రులైన ఉండవలెను. తలకు దెబ్బ తగిలినవాడు ఆ దినమున మఱల ఆడరాదు. నొప్పియని చెప్పినవానిని పిఱికివాడనరాదు. ఆ పిల్లవాడు కళాశాలకు, క్లబ్బునకు, జిల్లాకు ఆడిన ఆటలన్నియు ఒక్కచోట ఒక్క పుస్తకమున వ్రాయు పెద్దదిక్కు ఒకడుండవలెను. ఇందులకు ధనము అక్కఱలేదు. ఒక బడిపంతులు చాలును.

హైదరాబాదు ఫుట్‌బాలును అంత యెత్తునకు ఎత్తినవాడును ఒక బడిపంతులే. కప్పులు అద్దాలపెట్టెలలో మిగులును. ఆడిన పిల్లవాని మోకాలు మాత్రము అతనితోనే ముసలితనమువఱకు నడచును.